కంచె మీద కూర్చొనుట: సొంత వాక్యంలో ప్రయోగించుము

ఇంగ్లిష్‌లో ‘సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్’ అని ఒక మాట ఉంది. మాటకు మాట చెప్పుకుంటే కంచె మీద కూర్చోవడం. రెండు పక్షాల మధ్య తగువు నడుస్తున్నప్పుడు అటో ఇటో చెప్పకుండా, అందరికీ అయినవాడిలా మధ్యలో ఉండిపోవడం దాని అర్థం. ఆ మాట పుట్టిన దేశంలో కంచె అంటే నున్నగా చెక్కిన కొయ్యపట్టీలు కాబోలు. సాయంత్రంపూట ఎక్కి కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ రెండు పక్కల పొలాలనూ చూడొచ్చు. మా దిక్కు కంచె అంటే తుమ్మకంప. దాని మీద కూర్చోవడం గురించి మాకున్న అవగాహన వేరు.

నేనీ తేడాను పట్టించుకోకుండానే చాలాకాలం ఇంగ్లిష్ పాఠాలు చెప్పి బతికాను. ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు, నేర్చుకున్నవాళ్లకు తప్ప.

అప్పట్లో నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. మా ఇల్లు జనగామలో. పొద్దున రైలెక్కి కాజీపేట మీదుగా మహబూబాబాద్‌లో దిగడం, సాయంత్రం మళ్లీ రైలెక్కడం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం కాకమీదున్న ఏళ్లు అవి. నా హాజరు రెండు రకాలుగా ఉండేది: రైళ్లు నడిచిన రోజులు, రైళ్లు ఆపిన రోజులు. రైళ్లు ఆపిన రోజుల్లో నేను కూడా పట్టాల మీదే ఉండేవాణ్ని కాబట్టి సెలవు చీటీలో కారణం దగ్గర ‘రైలు రాలేదు’ అని రాసేవాణ్ని. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

కాలేజీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, రిలే దీక్షల టెంటు ఉండేది. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు గీత కార్మికులు, ఒకరోజు టైలర్లు, ఒకరోజు టీచర్లు, వంతు ప్రకారం పూలదండలు వేసుకుని పొద్దటి నుంచి సాయంత్రందాకా పస్తు కూర్చునేవాళ్లు. ఆ టెంటుకు మంచినీళ్ల క్యాన్లు మా కాలేజీ నుంచే పోయేవి. ఆ టెంటు దగ్గర కాపలా ఉన్న పోలీసులకు కుర్చీలు కూడా మా కాలేజీ నుంచే పోయేవి. రెండూ పంపించేది మా కాలేజీ యజమాని, అంటే కరస్పాండెంట్.

ఆయనది గూడూరు దిక్కున బాగా భూమున్న కుటుంబం. మనిషి చెడ్డవాడేమీ కాదు. జీతాలు ఆలస్యంగా ఇచ్చినా నవ్వుతూ ఇచ్చేవాడు. ఉద్యమంలో ఆయన ఎటున్నాడన్నది మాత్రం ఊళ్లో ఎవరికీ అంతుబట్టలేదు. టెంటు దగ్గరకు పోయి అందరి భుజాలూ తట్టేవాడు. అదే వారంలో హైదరాబాద్ నుంచి ఏ మంత్రి వచ్చినా స్టేషన్‌కు శాలువాతో పోయేవాడు. పిల్లలు చుట్టుముట్టి నినాదం ఇవ్వమంటే చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించేవాడు, నోరు తెరిచేవాడు కాదు. ఫొటోలో మాత్రం గట్టిగా అరిచినట్టే పడేది. ఎవరైనా నిలదీస్తే, నాది విద్యాసంస్థ, నాకు రాజకీయం లేదు అనేవాడు. వచ్చే ఎలక్షన్లలో టికెట్ కోసం ఆయన తిరుగుతున్నాడన్న సంగతి అప్పటికి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ పార్టీ టికెట్ అన్నదే తెలియదు. అది ఆయనకు కూడా తెలియదేమో.

నెలకు పైగా నడిచిన సమ్మె తరువాత కాలేజీ తెరిచారు. పోయిన పాఠాలన్నీ వారాల్లో ముగించాలి. జాతీయాలను నేను గంటకు పన్నెండు చొప్పున చెప్పడం మొదలుపెట్టాను. గైడులో ఈ కంచె మాటకు ఎదురుగా ‘గోడ మీది పిల్లి’ అని ఉంది. చదివేసి తరువాతి దానికి పోబోతుంటే, వెనక నుంచి రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. గూడూరు అవతల తండా నుంచి వచ్చేది. ఇంట్లో వాళ్ల భాష, బస్సులో తెలుగు, నా క్లాసులో ఇంగ్లిష్. రోజుకు మూడు భాషల్లో తిరుగుతుంది కాబట్టి దేన్నీ తేలిగ్గా నమ్మేది కాదు.

“గట్ల కాదేమో సార్,” అంది. “పిల్లికి ఎటు దూకాల్నో ముందుగాల్నే ఎర్కుంటది. పాలు ఏడున్నయో చూసుకునే గోడెక్కుతది. కంచె మీద కూసున్నోనికి ఎర్కలేకనన్న ఉండాలె, ఎర్కుండి చెప్పకనన్న ఉండాలె.”

పక్క వరసలో ఒకడు, అసలు కంచె మీద ఎవడు కూసుంటడు సార్, కంప గుచ్చుకోదా అన్నాడు. క్లాసంతా నవ్వింది. గుచ్చుకుంటున్నా గుచ్చుకోనట్టు మొఖం పెట్టేవాణ్నే అట్లా అంటారని చెప్పాను. ఆ అమ్మాయి ఇంకా కూర్చోలేదు. ఇది మంచి మాటనా, చెడ్డ మాటనా అని అడిగింది. కూర్చున్నవాడికి మంచి మాట, కింద నిలబడి చూసేవాడికి చెడ్డ మాట అన్నాను. ఆ జవాబు నాకు బాగా నచ్చింది. స్టాఫ్‌రూంలో కూడా చెప్పుకున్నాను.

అర్ధసంవత్సర పరీక్షలో దాన్నే ఇచ్చాను: సొంత వాక్యంలో ప్రయోగించుము. ఒకడు ‘మా నాన్న కంచె మీద కూర్చున్నాడు, దవాఖానకు పోయాడు’ అని ఇంగ్లిష్‌లో రాశాడు. ఇంకొకడు కోతిని కూర్చోబెట్టాడు. ఇంకొకడు, కంచె మీద కూర్చోవద్దు, అడవిపందులు పత్తిచేన్లోకి వస్తాయి అని హెచ్చరించాడు. అందరూ కంచెను చూసినవాళ్లే. అందుకే అందరూ తప్పు రాశారు. ఆ తండా అమ్మాయి ఒక్కతే సరైన ప్రయోగం రాసింది: ‘అవర్ కరస్పాండెంట్ సార్ ఈజ్ సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్.’

కర్త సరిగ్గా ఉంది, క్రియ సరిగ్గా ఉంది, జాతీయం ఉండాల్సిన చోట ఉంది. వాక్యంలో ఉన్న సమాచారం కూడా సరిగ్గా ఉంది. పూర్తి మార్కులు వేసి, పక్కన ఎర్రసిరాతో ‘గుడ్’ అని రాశాను. నేను ఆ మాట అంత తేలిగ్గా రాసేవాణ్ని కాదు.

మా కరస్పాండెంట్‌కు ఒక అలవాటుంది. పరీక్ష కాగానే పిల్లలందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి, మైకు పట్టుకుని, ఆయనే స్వయంగా జవాబు పత్రాలు పంచేవాడు. మధ్యమధ్యలో ఒక పత్రం తెరిచి అందులోని ఇంగ్లిష్ వాక్యాన్ని బయటికి చదివేవాడు. ఎక్కువగా తండాల నుంచి వచ్చినవాళ్లవే తెరిచేవాడు. అందరం నవ్వేవాళ్లం, రాసినవాళ్లు కూడా నవ్వేవాళ్లు. సినిమాల్లో మా మాటను దొంగలకూ తాగుబోతులకూ పెట్టి కోస్తా జనం నవ్వుతున్నారని ఎదురుగా టెంటులో ఉపన్యాసాలు నడుస్తుండేవి. ఆ ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టి వచ్చి, మేమిక్కడ తండా పిల్లల ఇంగ్లిష్‌కు నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. నా ఉద్యోగంలో అదొక భాగం అనుకునేవాణ్ని.

ఆరోజు ఆయన ఆ అమ్మాయి పత్రం తెరిచాడు. వెతుక్కుని, ఒక్కొక్క మాటనే విడదీసి, లాటరీ నంబరు చదివినట్టు చదివాడు. ‘ఫెన్స్’ అన్న తరువాత ఆగి, అలవాటు ప్రకారం తానే ముందు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. రెండు వందల మంది పిల్లలు నేల వైపు చూస్తున్నారు. ఆయనకు అది తప్పు కాదని అర్థమైంది, ఏమిటన్నది అర్థం కాలేదు.

“గిదేందో జర మీరే చెప్పుండ్రి సార్,” అని మైకు నాకిచ్చాడు.

మైకు చేతికి రాగానే నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ తరువాత జనగామలో మా ఇల్లు గుర్తొచ్చింది. జాతీయాలు తెలిసినవాడికి ఒక సౌకర్యం ఉంది. దేన్నయినా ఎటైనా తిప్పి చెప్పొచ్చు. పెద్దమనుషులు తొందరపడి ఒక పక్కకు ఒరగరనీ, ఎత్తున కూర్చుని రెండు దిక్కులా చూసి న్యాయంగా ఆలోచిస్తారనీ, అటువంటివారి గురించి ఈ మాట వాడతారనీ చెప్పాను. ఆఫీసు క్లర్కు చప్పట్లు మొదలుపెట్టాడు.

కరస్పాండెంట్ చాలా సంతోషించాడు. తండా నుంచి వచ్చిన బిడ్డ కూడా నన్ను ఎట్ల అర్థం చేసుకున్నదో చూడుండ్రి అని, జేబులోంచి పెన్ను తీసి, ఆ అమ్మాయిని పైకి పిలిచాడు. ఆమె వచ్చింది. జవాబు పత్రం తీసుకుంది. పెన్ను తీసుకోలేదు. మెల్లగానే మాట్లాడింది, కాని మైకు మళ్లీ ఆయన చేతిలో ఉంది.

“సార్ చెప్పింది దాని అర్థం కాదు సార్. మీరు అటున్నరో ఇటున్నరో చెప్తలేరని రాసిన.”

మైకు మంచి కంపెనీది. రోడ్డు అవతల టెంటులో ఆరోజు వంతు గీత కార్మికులది. వాళ్లకూ వినిపించిందని తరువాత తెలిసింది.

కరస్పాండెంట్ “అట్లనా” అన్నాడు. పెన్ను జేబులో పెట్టుకుని తరువాతి పేరు పిలిచాడు. అప్పటికి కంచె మీద ఇద్దరం ఉన్నాం. ఒకాయన అర్థం తెలియక కూర్చున్నాడు. నేను అర్థం తెలిసి, పాఠంగా చెప్పి, మార్కులు కూడా వేసి కూర్చున్నాను.

రెండు నెలలు ఏమీ జరగలేదు. తరువాత యూనివర్సిటీ నుంచి హాల్ టికెట్లు వచ్చాయి. ఆ కాలేజీలో ప్రీ ఫైనల్ పరీక్షలు అయిపోయేదాకా హాల్ టికెట్లన్నీ కరస్పాండెంట్ గారి సొరుగులో ఉండేవి. లేకపోతే ప్రీ ఫైనల్ ఎవరూ రాయరని ఆయన నమ్మకం. ఈసారి నోటీసు బోర్డు మీద ఒక కాగితం కూడా పెట్టారు. హాజరు తక్కువైనందున ఈ కిందివారికి హాల్ టికెట్ ఇవ్వబడదు. కింద ఒకటే పేరు ఉంది.

హాజరు తక్కువన్నది నిజమే. సమ్మె నడిచిన ఏడు అది, ఆ ఏడు అందరికీ హాజరు తక్కువే. ఆ అమ్మాయి కంటే తక్కువ రోజులు వచ్చినవాళ్లు ఆ క్లాసులోనే పదిమందికి పైగా ఉన్నారు. ఆ లెక్కన నాకు కూడా హాల్ టికెట్ ఇవ్వకూడదు.

ఆ సాయంత్రం ఆమె స్టేషన్ రోడ్డులో నా పక్కన నడుస్తూ, ఏడవకుండా, ఎవరి విషయమో చెప్పినట్టు చెప్పింది.

“ఈ ఏడు పరీక్ష రాయకపోతె మా బాపు మళ్ల సదువుకు పంపడు సార్. ఎండకాలం మిర్చి ఏరవోతది మా తండంత. నన్ను గూడ తోలుకపోతరు. గంతే ఇగ.”

క్షమాపణ రాసిచ్చి పరీక్ష రాసుకొమ్మని సలహా ఇచ్చాను. ఒక చిన్న కాగితంతో పోయేదానికి ఏడాది పోగొట్టుకోవడం ఎందుకన్నాను. నా సలహా ఇప్పటికీ తెలివైనదే అనుకుంటాను. ఆమె, “అర్థం తప్పని మీరు గూడ రాసిస్తరా సార్?” అని అడిగింది. రైలు టైమవుతోందన్నాను. రైలు ఆరోజు గంటన్నర ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద ఆ గంటన్నరా ఆ ప్రశ్నతో కూర్చున్నాను.

మరునాడు ఆమె తండ్రి వచ్చాడు. స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“సారూ, గా కంచె ముచ్చటేందో నాకైతె సమజైతలేదు. మా పోరి ఏం రాసిందో జర కొట్టెయ్యుండ్రి. కంచె మీద కూసుంటె కూసోనియ్యి, మనకేంది?”

అంతలో కూతురే వచ్చింది. తండ్రితో వాళ్ల భాషలో ఏదో అంది. గట్టిగా అనలేదు, రెండు మాటలే. ఆయన నా వైపు చూసి, చెప్పులు తొడుక్కుని, ఇక ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఏమందని అడిగాను. “కొట్టేస్తె మార్కులు గూడ వోతయ్ అని చెప్పిన,” అంది. ఆమె నాతో పూర్తి నిజం చెప్పలేదని నా అనుమానం.

ఆ మధ్యాహ్నం కరస్పాండెంట్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆ అమ్మాయీ నేనూ చెరొకటి రాసివ్వాలన్నాడు. అర్థం తెలియక రాశానని ఆ అమ్మాయి ఒకటి రాయాలి. నేను ఆమె జవాబు పత్రంలో ‘గుడ్’ కొట్టేసి, సున్నా వేసి, ప్రయోగం తప్పు అని రాసి సంతకం పెట్టాలి. ఆమె కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా నా సంతకం ఉంటే చాలు, హాల్ టికెట్ ఇచ్చేస్తానన్నాడు. టెంటు దగ్గర ఆ వాక్యం తెలుగులో అనుకుని నవ్వుతున్నారట. ఇంగ్లిష్ సారే తప్పని తేల్చితే ఆ నవ్వు ఆగుతుంది. ఆయనది న్యాయమైన బేరమే. నేను ఒక మాట మార్చితే ఒక పిల్ల పరీక్ష రాస్తుంది. అందరి ముందు మైకులో ఒకసారి మార్చినవాణ్ని, నాలుగు గోడల మధ్య మార్చడానికి నాకేం అడ్డం?

రేపు చెప్తానన్నాను. అది కూడా కంచె మీద కూర్చోవడమే. గైడులో ఈ ఉదాహరణ లేదు.

జనగామలో మా బాపు అప్పటికి ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరై ఉన్నాడు. అన్నం తింటూ సంగతంతా చెప్పాను. ఇంగ్లిష్ భాగం వదిలేసి మిగతాది విన్నాడు.

“మార్కులు నువ్వే ఏసినవా?”

“నేనే ఏసిన.”

“సరైందనే ఏసినవా?”

“ఆ.”

“మరి నన్నేం అడుగుతున్నవ్?” అని మజ్జిగ పోసుకున్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడిన సందర్భాలు నాకు గుర్తు లేవు.

మరునాడు కరస్పాండెంట్ గదిలో చాయ్ తాగలేదు. ఆ అమ్మాయి దగ్గర అడిగి తెచ్చిన జవాబు పత్రం ఆయన ముందు పెట్టి, ప్రయోగం సరైందని, మైకులో నేను చెప్పిందే తప్పని చెప్పాను. కావాలంటే మళ్లీ గ్రౌండు పెట్టించండి, మైకులోనే దిద్దుకుంటానన్నాను. అప్పటిదాకా ‘మీరు’ అంటున్నవాడు ‘నువ్వు’లోకి దిగాడు.

“నువ్వు జీతం ఎవలది తింటున్నవ్ సార్?”

“మీదే. కని మార్కులు మీయి కావు.”

ఇట్లా అనాలని నేను రాత్రంతా తయారు చేసుకోలేదు. వచ్చేసింది. నేను జోకులు వేస్తానని ఆయనకు తెలుసు కాబట్టి ఇది కూడా జోకేమోనని కాసేపు నా మొఖంలో వెతికాడు. దొరకలేదు.

“అయితె పోరి పరీక్ష రాయది,” అన్నాడు.

ప్రీ ఫైనల్ ఇంగ్లిష్ ప్రశ్నపత్రం తయారుచేసే పని నాదే. మరిచిపోయి పాత ప్రశ్ననే మళ్లీ ఇచ్చాను. మామూలుగా ఎనిమిది జాతీయాలిచ్చి నాలుగు రాయమంటాం. ఈసారి ఎంచుకునే అవకాశం లేకుండా ఒక్కటే ఇచ్చాను. అంత మతిమరుపు నాకు అంతకు ముందు లేదు, తరువాత కూడా రాలేదు.

నేను చేసింది అంతే. క్లాసులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తరువాత పిల్లలు చేసిన దాంట్లో నాకు వాటా లేదు. ఉందని చెప్పుకోవాలని ఇప్పుడు చాలా కోరిక ఉన్నా లేదు.

క్లాసు మొత్తానివి నలభై ఒక్క పేపర్లు వచ్చాయి. మొదటి పేపరు తెరిచాను. ‘అవర్ కరస్పాండెంట్ సార్ ఈజ్ సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్.’ రెండోది తెరిచాను. అదే. మూడోది అదే. ఒకడు ‘స్టిల్’ అన్న మాట చేర్చాడు. ఒకమ్మాయి ‘ఫర్ టూ ఇయర్స్’ అని కాలం కూడా చెప్పి, క్రియను మాత్రం మార్చలేదు. వ్యాకరణం కోసం అరమార్కు తగ్గించాను. అర్ధసంవత్సరంలో తండ్రిని దవాఖానకు పంపినవాడు ఈసారి కరస్పాండెంట్ సార్‌ను కంచె ఎక్కించి, ‘ప్లీజ్ కమ్ డౌన్ సార్’ అని బతిమాలాడు. కరస్పాండెంట్‌కు దగ్గరి చుట్టమైన కుర్రాడొకడు ‘అవర్ కరస్పాండెంట్ సార్ ఈజ్ నాట్ సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్’ అని రాశాడు. వాడికీ పూర్తి మార్కులు వేశాను. ప్రయోగం సరైందే, సమాచారం ఒక్కటే తప్పు.

హాల్ టికెట్ రాదని తెలిసీ ఆ తండా అమ్మాయి కూడా వచ్చి రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు.

మార్కులన్నీ వేసి, ప్రతి పేపరు మీదా సంతకం పెట్టి, కట్ట కట్టి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వరసగా తెరిచాడు. పదో పదకొండో చూసిన తరువాత తెరవడం ఆపేశాడు. ఈసారి గ్రౌండు ఉండదని అర్థమైంది.

“నువ్వే చెప్పి రాయించినవ్.”

“సార్, నేను చెప్పింది వీళ్లు ఒక్కతీరుగ ఎన్నడన్న రాసిన్రా? మూడేండ్ల సంది చూస్తలేరా?”

ఆయన కాదనలేకపోయాడు. నలభై ఒక్క హాల్ టికెట్లు సొరుగులో ఉన్నాయి. నలభై ఒక్కటీ ఆపితే ఆ ఏడు కాలేజీకి రిజల్టే ఉండదు, వచ్చే ఏడు అడ్మిషన్లు ఉండవు. ఒక్కటే ఆపాలంటే ఏ ఒక్కటి ఆపాలి? నేరం ఒక్కడు తప్ప అందరూ చేశారు, చేతిరాతలే వేరు. కిటికీలోంచి చూస్తే టెంటు కనిపిస్తోంది. ఆరోజు వంతు వకీళ్లది.

ఆయన పేపరు కట్టను పక్కకు జరిపాడు. మళ్లీ ‘మీరు’లోకి వచ్చాడు.

“హాల్ టికెట్లు అందరికిస్త. మీరు మాత్రం రేపటి సంది రాకుండ్రి.”

“ఆ పిల్లది ముందుగాల ఇయ్యండి సార్. మీరిచ్చినంక పోత.”

ఆయన సొరుగు తెరిచి, వెతికి, ఆమెది తీసి ప్యూన్ చేతికిచ్చి పంపించాడు. తలుపు సందులోంచి ఆమె అందుకోవడం చూసి లేచాను. నోటీసు బోర్డు మీది కాగితాన్ని పోతూ పోతూ నేనే పీకి జేబులో పెట్టుకున్నాను. దానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.

వారం తిరక్కుండా కరస్పాండెంట్ కూడా టెంటులో కూర్చున్నాడు. ప్రైవేటు విద్యాసంస్థల వంతు వచ్చిందట. మెడలో పూలదండ, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నిమ్మరసందాకా. పేపర్లో ఫొటో వచ్చింది. ఈసారి నోరు నిజంగానే తెరిచాడని చూసినవాళ్లు చెప్పారు. ఎటు ఎక్కువ మంది ఉన్నారో చూసుకుని దిగాడని నా మిత్రులు వెక్కిరించారు. నేను వెక్కిరించలేదు. దిగడం దిగడమే. ఏది చూసి దిగినా కంప గుచ్చుకోకుండా ఎవరూ దిగలేరు.

నాకు భూపాలపల్లిలో ఒక ట్యుటోరియల్‌లో పని దొరికింది. బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు పాఠాలు. అక్కడ కంచె అంటే ఇనుప ముళ్లతీగ, అవతల గని. మొదటి వారమే ఈ జాతీయం వచ్చింది. ఈసారి గైడు చూడకుండా చెప్పాను: అర్థం తెలుసుకోవడం తేలికే, వాక్యంలో కర్తగా ఎవరిని పెడతామన్నదే కష్టం. పిల్లలు దాన్ని నోట్సులో రాసుకున్నారు. పరీక్షలో పనికిరాదని చెప్పినా రాసుకున్నారు.

డిగ్రీ పరీక్షల్లో ఇంగ్లిష్ పేపరు రోజున సెలవు పెట్టి, తెల్లవారుజామునే బస్సెక్కి హనుమకొండలో మారి మహబూబాబాద్ వచ్చాను. పరీక్ష కేంద్రం ముందు చెట్టు కింద నిలబడ్డాను. నాకక్కడ ఏ పనీ లేదు. ఇన్విజిలేటర్‌ను కాదు, ఏ పిల్లకూ తండ్రిని కాదు, ఆ కాలేజీ ఉద్యోగిని అంతకన్నా కాదు. ఆమె వాళ్ల బాపుతో ఆటోలో దిగింది. హాల్ టికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఆ కవర్‌ను ఇంకో కవర్లో పెట్టుకుంది. నన్ను చూసి తలూపింది, ఆగలేదు. గేటు దగ్గర పోలీసు రెండు కవర్లూ విప్పించి, చూసి, లోపలికి వదిలాడు.

మూడు గంటలు ఆమె తండ్రీ నేనూ చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. ఈ ఏడు మిర్చి ఏరడానికి తానూ పెద్దకొడుకూ మాత్రమే పోతున్నామని చెప్పాడు. కంచె ముచ్చట ఎత్తలేదు. రెండు చాయ్‌లకూ ఆయనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

గంట కొట్టాక ఆమె మిగతా పిల్లలతో కలిసి బయటికి వచ్చింది. మంచిగ రాసిన సార్ అంది. జాతీయాలు వచ్చాయా అని అడిగాను.

“వచ్చినయ్ సార్. గదొక్కటే రాలే,” అంది. ప్రశ్నపత్రం మడిచి సంచిలో పెట్టుకుంటూ, “వస్తె ఈసారి పేరు పెట్టి రాద్దామనుకున్న.”